ఖిదిర్‌పూరులో ఆంగ్లేయ న్యాయము: ఒడంబడిక, కొలువు, ఇల్లు - కొన్ని వ్యవహారపదముల పరిశీలనము

1. విషయస్వరూపము

కలకత్తా నగరములో, ఆదిగంగ హుగ్లీనదిని చేరు తావునకు దక్షిణముగా ఖిదిర్‌పూరు ఉన్నది. వంగసాహిత్యము చదివినవారికి ఇది రంగలాల్, మధుసూదన్, హేమచంద్ర కవుల సంబంధము గల పేటగా పరిచితము. ఆ మువ్వురును న్యాయవ్యవహారములతో పొత్తు గలవారే యగుట గమనింపదగినది: మధుసూదన దత్తు బారిష్టరు, హేమచంద్ర బందోపాధ్యాయుడు హైకోర్టు వకీలు, రంగలాల్ బందోపాధ్యాయుడు డిప్యూటీ మేజిస్ట్రేటు. నౌకావ్యాపారము తెలిసినవారికి 1892లో తెరచిన డాకుల వలన ఈ పేరు పరిచితము. తెలుగువారికి మాత్రము ఇది కూలికిని కొలువునకును పోయిన చోటు. బెంగాల్-నాగపూరు రైల్వే ప్రధాన కార్యాలయము పొరుగుననే గార్డెన్ రీచిలో నెలకొనుటయు, గంజాము, విశాఖపట్టణ మండలములనుండి జనము జనుపమిల్లులకును రేవుపనులకును తరలివచ్చుటయు అందులకు ముఖ్యకారణములు.

నేడు బ్రిటనులో సామాన్యుడు న్యాయవాది నాశ్రయించు సందర్భములను పరిశీలించినచో, వానిలో పెక్కు మూడు ప్రశ్నలలో ఇముడును. నేను సంతకము చేసిన కాగితమునకు నేను ఎంతవరకు బద్ధుడను? పనిలో నాకు దెబ్బ తగిలినచో ఎవరు బాధ్యులు? ఇంటి యజమాని పొమ్మన్నచో పోవలసినదేనా? ఈ మూడు ప్రశ్నలే ఖిదిర్‌పూరులోని కూలివాడును అడిగినాడు. అడుగుట వింత కాదు. అచటి చట్టములలో పెక్కింటికి మూలము ఆంగ్లేయ న్యాయమే. వింత యేమనగా, బ్రిటనులో అడుగువాడు తన భాషలో అడిగి తన భాషలోనే సమాధానము వినును. ఖిదిర్‌పూరు తెలుగువాడు తెలుగులో తలచి, హిందుస్తానీలోనో వంగభాషలోనో చెప్పి, ఇంగ్లీషులో తీర్పు పొందవలెను. ఈ ప్రయాణములో మాట మారును. మాటతోపాటు హక్కును మారును. ఈ సంగతిని మూడు సంబంధములలోను ఉదాహరణపూర్వకముగ నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము. న్యాయసలహా చెప్పుట దీని యుద్దేశము కాదు.

2. న్యాయస్థానపు భాష

తన భాషలో తీర్పు వినుట ఇంగ్లీషువానికి కూడ అనాయాసముగా లభించిన భాగ్యము కాదు. నార్మనులు వచ్చిన పిదప అచటి న్యాయస్థానములలో ఫ్రెంచియు, లిఖితములలో లాటినును రాజ్యమేలినవి. తెలియని భాషలో వాదములు జరుగుటచే ప్రజలకు కీడు కలుగుచున్నదని చెప్పి, వాదములు ఇంగ్లీషులో జరుగవలెనని 1362లో శాసనము చేసిరి. ఆ శాసనమును మాత్రము ఫ్రెంచిలోనే వ్రాసిరి. లిఖితములనుండి లాటినును తొలగించుటకు 1730 నాటి చట్టము కావలసివచ్చెను. అది 1733లో అమలునకు వచ్చినది. వేల్సు దేశమువారికి అప్పుడును దక్కినది ఇంగ్లీషే గాని వెల్షు కాదు. వారి భాషకు న్యాయస్థానములో చోటు ఇచ్చుటకు 1942లో వేరొక చట్టము చేసిరి.

ఆ భాషాకలహపు జాడ ఇంగ్లీషు దస్తావేజులలో ఇప్పటికిని కనబడును. ఒకే యర్థమునకు ఒక జర్మానిక పదమును ఒక ఫ్రెంచి పదమును జంటగా వాడుట వారి అలవాటు. మన క్రయదస్తావేజులలో ‘హక్కుభుక్తములు’ అను మాట ఇట్టిదే. అరబ్బీ మాటకు సంస్కృతపు మాటను తోడుచేసిన ఈ సమాసము, రెండు పరిపాలనలను చూచిన గ్రామకరణపు ఘంటమునుండి పుట్టినదని ఊహింపవచ్చును.

ఆంగ్లేయ న్యాయము వంగదేశమున స్థిరపడిన తొలినాటి ప్రసిద్ధ వ్యవహారము ఖిదిర్‌పూరు చెంతనే ముగిసినది. 1774లో కలకత్తాలో సుప్రీముకోర్టు ఏర్పడెను. మరుసటి యేడు జూనులో మహారాజ నందకుమారుని, పారసీభాషలోనున్న ఒక ఋణపత్రమును కల్పించెనను నేరముపై, ప్రధానన్యాయాధీశుడు ఎలైజా ఇంపే మొదలగువారు విచారించిరి. జూరీ యందున్న పండ్రెండుగురును ఐరోపావారు. సాక్షుల మాటలు దుబాసీల ద్వారా వారి చెవిని చేరెను. కల్పితపత్రమునకు మరణదండన విధించు రెండవ జార్జి కాలపు ఇంగ్లీషు శాసనమును ఆ వ్యవహారమునకు వర్తింపజేసి, 1775 ఆగస్టు 5వ తేదీన ఖిదిర్‌పూరు సమీపమున, కూలీబజారు అను చోట, ఉరితీసిరి. ఆ తీర్పులోని న్యాయాన్యాయములను గూర్చి మెకాలే, జేమ్సు స్టీఫెన్ మొదలుకొని అనేకులు వాదించిరి. భాషాపండితులకు ముఖ్యమైన సంగతి వేరు. తెలుగులో ‘దొంగకాగితము’ అను మాట, ఇతరుని సంతకమును కల్పించిన పత్రమునకును, స్వంత సంతకముతో అబద్ధము వ్రాసిన పత్రమునకును చెల్లును. చట్టమున ఇవి వేర్వేరు నేరములు, శిక్షలును వేరు. ఒక్క మాటతో రెంటిని చెప్పు సాక్షిని ఇంగ్లీషులోనికి అనువదించు దుబాసి, తెలియకయే నేరమును నిర్ణయించినవాడగును.

1781లో పార్లమెంటు ఈ కోర్టు అధికారమును సవరించి, వారసత్వము, ఒడంబడిక మొదలగు విషయములలో మహమ్మదీయులకు వారి ధర్మమును, ‘జెంటూ’లకు వారి ధర్మమును అనుసరింపవలెనని విధించెను. ఈ పదము తెలుగువారికి ప్రత్యేకముగా ఆసక్తికరము. పోర్చుగీసు మూలము గల ఈ మాటకు కలకత్తాలో హిందువు అని యర్థము. చెన్నపట్టణపు కుంపిణీ కాగితములలో అదే మాటకు తెలుగుభాష అని యర్థము. ఒకే రాజ్యముయొక్క రెండు రేవులలో ఒకే మాట రెండర్థములలో చెల్లుట, న్యాయభాష తాను పుట్టిన చోటినిబట్టి వంగునని చూపును.

1837లో పారసీని కోర్టులనుండి తొలగించుటకు చట్టము వచ్చినది. దాని స్థానమున పై కోర్టులకు ఇంగ్లీషు, క్రింది కోర్టులకు ఆయా దేశభాషలు వచ్చినవి. వంగదేశమున దేశభాష యనగా వంగభాష. వలసవచ్చినవాని భాషకు చోటు లేదు. అయినను ఒక మూలసూత్రము మిగిలినది: నిందితునికి తెలియని భాషలో సాక్ష్యము చెప్పినచో, దానిని అతనికి తెలిసిన భాషలో వినిపింపవలెను. ఇంగ్లండులో లీ కున్ అను చీనాదేశీయుని వ్యవహారము (1916) దీనిని స్పష్టపరచినది. మన క్రిమినలు విచారణ స్మృతియందును ఇది కలదు. 1962లో హరికిషన్ వ్యవహారమున మన సుప్రీముకోర్టు ఇంకొక అడుగు ముందుకు వేసెను. నిర్బంధమునకు గల కారణములను ఇంగ్లీషు రానివానికి ఇంగ్లీషులో వ్రాసి యిచ్చి, నోటితో హిందీలో తెలిపితిమనుట చాలదని తీర్పుచెప్పెను. తెలుపుట యనగా తెలిసికొనునట్లు చేయుట. తెలుగు క్రియలోనే ఈ యర్థము ఇమిడియున్నది: ‘తెలియు’ లేనిది ‘తెలుపు’ లేదు.

3. ఒడంబడిక, కూలి

నందకుమారుని ఉరితీసిన చోటి పేరు కూలీబజారని పైన చెప్పితిమి. తెలుగు, తమిళ, కన్నడ భాషలలో ‘కూలి’ యనగా పనికి ఇచ్చు ప్రతిఫలము. పనిచేయువాడు కూలివాడు, పనిచేయునది కూలిది. ఇంగ్లీషులోనికి పోయిన మాటకు గుజరాతులోని కోలీజాతి పేరే మూలమని కొందరందురు. ఏది మూలమైనను, వలసరాజ్యపు ఇంగ్లీషులో అది ప్రతిఫలమును వదలి మనిషికి పేరైనది. తెలుగున కూలి అడుగుట హక్కును అడుగుట. ఇంగ్లీషు రికార్డులో కూలీ యనగా ఒక మనిషి, తరచుగా ఒక సంఖ్య. హక్కును చెప్పు మాట మనిషిని తక్కువచేయు మాటగా మారుట భాషాచరిత్రలో చిన్న సంగతి కాదు.

బ్రిటిషు సామ్రాజ్యమున దాస్యము రద్దయిన పిదప, చెరకుతోటలకు ఒడంబడికపై కూలివారిని పంపు పద్ధతి వచ్చినది. 1838 జనవరిలో విట్బీ, హెస్పెరస్ అను ఓడలు కలకత్తానుండి బ్రిటిషు గయానాకు బయలుదేరినవి. 1845లో ట్రినిడాడునకును, 1879లో ఫిజీకిని తొలి ఓడలు కలకత్తానుండియే పోయినవి. వలసపోవువారిని ఓడ ఎక్కించువరకు ఉంచిన డిపోలు హుగ్లీయొడ్డున ఖిదిర్‌పూరు, గార్డెన్ రీచి ప్రాంతమున ఉండెడివి. వీనిలో దిగినవారిలో అధికులు బీహారు, సంయుక్తరాష్ట్రములవారు. తెలుగువారు ఎక్కువగా చెన్నపట్టణము, కోరంగి మొదలగు రేవులనుండి పోయిరి. మారిషసులో తెలుగువారికి ‘కోరంగీలు’ అను పేరు వచ్చినది అందువలననే. రేవులు వేరైనను కాగితము స్వరూపము ఒకటే.

‘అగ్రిమెంటు’ అను మాట వారి నోట ‘గిర్మిట్’ అయినది. దానికి బద్ధుడైనవాడు ‘గిర్మిటియా’ అయినాడు. ఒడంబడిక అర్థమైనదో లేదో విచారించి పేరు వ్రాయవలెనని 1883 నాటి వలసల చట్టము అధికారిని శాసించినది. అర్థము కాని చోటు ఎక్కడనో ఫిజీ ఒడంబడికను చూచిన తెలియును. పురుషునికి దినమునకు ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు అని అందున్నది. విన్నవాడు దానిని దినకూలిగా గ్రహించును. కాని యజమాని కోరినచో పనిని కొలతపై ఇయ్యవచ్చునని అందే మరియొక నిబంధన కలదు. గట్టిమనిషి ఆరు గంటలు ఎడతెగక చేయగల పనిని ఒక కొలతగా నిర్ణయించి, ఆ కొలత ముగించినవానికే షిల్లింగు ఇచ్చిరి. తెలుగులో ‘దినకూలి’, ‘గుత్తకూలి’ అను రెండు స్పష్టమైన మాటలు ఉన్నవి. ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన పెట్టి అడిగినచో పల్లెటూరి నిరక్షరాస్యుడును తేడా గ్రహించి యుండెడివాడు. అడుగలేదు. అనువాదము లోపించుట వేరు, అనువాదమే లోపముగా నుండుట వేరు. ఇచట జరిగినది రెండవది.

ఆంగ్లేయ న్యాయములో సంతకమును గూర్చి రెండు సూత్రములు కలవు. చదువక సంతకము చేసినను సంతకము సంతకమే అని 1934లో లెస్ట్రేంజి వ్యవహారమున చెప్పిరి. చదువురానివానికి తప్పుగా చదివి వినిపించి చేయించిన సంతకము అతని చేత కాదని 1582 నాటి థరోగుడ్ వ్యవహారమున చెప్పిరి. నేటికిని బ్రిటనులో బ్యాంకు పూచీపత్రముల వివాదములు ఈ రెండు సూత్రముల మధ్యనే నడచుచున్నవి. వేలిముద్ర వేసిన తెలుగు కూలివానికి రెండవ సూత్రమే శరణ్యము. వేలిముద్రకు తొలిపరీక్ష వంగదేశముననే జరిగినదన్న సంగతి ఇచట స్మరింపదగినది. 1858లో విలియం హెర్షెల్ అను అధికారి జంగీపూరులో ఒక గుత్తదారుని ఒడంబడికపై అతని అరచేతి గుర్తు వేయించెను. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయము ఏర్పడెను. వేలిముద్ర మనిషి ఎవరో రుజువుచేయును. అతనికి ఏమి అర్థమైనదో రుజువుచేయదు.

ఒడంబడిక మీరినచో ఏమగును? ఇచటనే బ్రిటనుకును కలకత్తాకును గల భేదము తేటపడును. ముందుసొమ్ము పుచ్చుకొని పని మానివేసిన పనివానిని మేజిస్ట్రేటు ఎదుటికి లాగి, ఆజ్ఞ మీరినచో మూడు మాసములవరకు ఖైదు విధింపవచ్చునని 1859లో కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరములకై చట్టము చేసిరి. పనివాడు ఒడంబడిక మీరుట నేరముగా నెంచు ఆంగ్ల చట్టములను బ్రిటనులో 1875లో రద్దుచేసి, దానిని ఇరుపక్షముల నడిమి సివిలు వ్యవహారముగా మార్చిరి. ఆ సంవత్సరములోనే మాస్టరు, సర్వెంటు అను మాటలు పోయి, ఎంప్లాయరు, వర్క్‌మన్ అను మాటలు చట్టపు పేరులోనికి వచ్చినవి. కలకత్తాలో 1859 నాటి చట్టము 1926 వరకు బ్రతికినది. ఒకే ప్రభుత్వము క్రింద అర్ధశతాబ్దము పాటు, లండను రేవులో మాట తప్పినవాడు బాకీదారు, ఖిదిర్‌పూరు రేవులో మాట తప్పినవాడు నేరస్థుడు. ఒడంబడిక వలసలకు జనమును చేర్చుట 1917లో నిలిచినది. ఫిజీలో మిగిలిన ఒడంబడికలు 1920 జనవరి 1న రద్దయినవి. అప్పుకు కట్టుబడిన వెట్టిని స్వతంత్రభారతము 1976 చట్టముచే సంపూర్ణముగా నిషేధించినది.

4. పని యజమాని, ప్రమాదము

డాకులలో ప్రమాదము నిత్యసహచరము. గొలుసు తెగును, బస్తా జారును, ఓడ లోపలి గొయ్యిలో కాలు తప్పును. పూర్వపు ఆంగ్లేయ న్యాయము ఈ విషయమున కఠినము. 1837లో ప్రీస్ట్లీ వ్యవహారమున, మాంసవిక్రేత సేవకుడొకడు బండి విరిగి గాయపడి దావా వేయగా, సేవకుడు పనితోపాటు దాని అపాయమునుకూడ అంగీకరించినవాడని న్యాయస్థానము తలంచెను. తోటి పనివాని తప్పువలన దెబ్బతగిలినచో యజమాని బాధ్యుడు కాడను సూత్రము దీనినుండియే పెరిగినది. 1880 చట్టము దీనిని కొంత సడలించినది. 1897 చట్టము, తప్పు ఎవరిదని అడుగకయే నష్టపరిహారము ఇయ్యవలెనను కొత్తదారి త్రొక్కినది. ఆ పాతసూత్రము బ్రిటనులో పూర్తిగా తొలగినది 1948లో.

మన దేశమున 1923లో పనివారి నష్టపరిహార చట్టము వచ్చి, 1924 జూలై 1న అమలయినది. దానిలోని ప్రాణప్రదమైన వాక్యము 1897 ఇంగ్లీషు చట్టమునుండి దాదాపు మక్కికి మక్కిగా వచ్చినది. ప్రమాదము ఉద్యోగమునుండి పుట్టవలెను, ఉద్యోగక్రమములో జరుగవలెను. రెండును ఉండవలెను, ఒకటి చాలదు. మొదటిది హేతువును, రెండవది దేశకాలములను చెప్పును.

తెలుగువాడు తన నోట చెప్పు విధము వేరు. ‘పనిలో పోయినాడు’ అనును. తెలుగు ‘లో’ ప్రత్యయము దేశమును చెప్పును, కాలమును చెప్పును, ఒక్కొక్కప్పుడు హేతువును సూచించును. విన్న గుమాస్తా దానిని ఇంగ్లీషులో ఉంచునప్పుడు రెండవ భాగమే నిలుచును; ‘పనివలన’ అను హేతువు జారిపోవును. ‘పనికి పోవుచు పడినాడు’ అని వ్రాసినచో ఇంకను చిక్కు. 1958లో సౌరాష్ట్ర ఉప్పు పరిశ్రమ వ్యవహారమున, పని ముగించి వాగు దాటుచు పడవ మునిగి చనిపోయిన పనివారి కుటుంబములకు పరిహారము రాలేదు. ఆ పడవ అందరును ఎక్కు బాడుగపడవ. దానిని ఎక్కుట పనిలో భాగము కాదని సుప్రీముకోర్టు చెప్పెను. 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతి ఈ విషయమును మార్చినది. ఇంటినుండి పనికి పోవునప్పుడును, పనినుండి వచ్చునప్పుడును జరిగిన ప్రమాదము, స్థలకాల పరిస్థితులకు పనితో సంబంధమున్నచో, పరిహారమునకు అర్హము. ఈ స్మృతి 2025 నవంబరు 21న అమలునకు వచ్చి, 1923 చట్టపు స్థానమును ఆక్రమించినది. కావున ‘పనికి పోవుచు’ అను మాట నిన్నటివరకు హక్కును పోగొట్టు మాట. నేడు హక్కును నిలుపు మాట. అనువదించువాడు చట్టపు తేదీని ఎరుగనిచో అనువాదము సరియైనను ఫలితము తప్పగును.

రెండవ చిక్కు ‘నీ యజమాని ఎవరు?’ అను ప్రశ్న. తెలుగు కూలివాడు ‘మా మేస్త్రి’ అనును. మేస్త్రి పోర్చుగీసునుండి వచ్చిన మాట. ఊరినుండి జనమును తెచ్చువాడు, ముందుసొమ్ము ఇచ్చువాడు, కూలి పంచువాడు, తన పాలు తీసికొనువాడు అతడే. హిందుస్తానీలో అతడే సర్దారు. చట్టము దృష్టిలో అతడు మధ్యవర్తి. తన వ్యాపారమునకు సంబంధించిన పనిని గుత్తకు ఇచ్చినవాడు, గుత్తదారుని క్రింది పనివానికి కూడ పరిహారము ఇయ్యవలెనని 1923 చట్టమే చెప్పినది. ‘మా మేస్త్రి’ అను సమాధానముతో విచారణ ఆగరాదు. ‘మేస్త్రికి పని ఇచ్చినది ఎవరు?’ అని మరల అడుగవలెను. బ్రిటనులోనూ ఈ ప్రశ్న తీరలేదు. మోటారు నడుపువారు స్వతంత్రులా, పనివారా అను విషయమున, కాగితముపై వ్రాసిన పేరు గాక నడిచిన సంబంధమే ప్రమాణమని 2021లో అచటి సుప్రీముకోర్టు ఊబరు వ్యవహారమున తీర్మానించినది. మన కోర్టు 1956లోనే ధ్రాంగధ్రా ఉప్పుకొఠారుల వ్యవహారమున, పని జరుగు తీరుపై అధికారము ఎవరిదో చూడవలెనని చెప్పియుండెను.

దినదినము గేటువద్ద నిలిచి పిలుపునకు ఎదురుచూచు రేవుకూలికి స్థిరత్వము కల్పించుటకు బ్రిటనులో 1947లో ప్రణాళిక వచ్చెను; భారతదేశమున 1948లో డాకు పనివారి చట్టము వచ్చెను. బ్రిటనులో అది 1989లో రద్దయినది. మన ప్రధాన రేవులకు ఆ చట్టమును వర్తింపజేయకుండుటకు 1997లో చట్టము చేసిరి.

5. నేల, ఇల్లు, యజమాని

నేలపై కట్టినది నేలతో పోవునని ఆంగ్లేయ న్యాయపు ప్రాచీనసూత్రము. ఇతరుని నేలలో ఇల్లు కట్టినవాని ఇల్లు నేలగలవానిదగును. ఈ సూత్రము వంగదేశమున చెల్లదని కలకత్తా హైకోర్టు 1866లోనే, ఠాకూర్ చంద్ర పరామాణిక్ వ్యవహారమున, చెప్పినది. కట్టినవాడు దానిని తీసికొనిపోవచ్చును, లేదా విలువ పుచ్చుకొనవచ్చును. 1882 నాటి ఆస్తిబదిలీ చట్టమును ఈ దారినే పోయినది.

ఖిదిర్‌పూరువంటి శ్రామికపేటలలో ఈ భేదముపైననే ఒక ప్రత్యేకవ్యవస్థ పెరిగినది. నేల ఒకనిది. ఆ నేలను అద్దెకు పుచ్చుకొని గుడిసెలు కట్టినవాడు ఇంకొకడు, అతడు ఠికాదారు. ఆ గుడిసెలో గది అద్దెకు పుచ్చుకొని కాపురమున్నవాడు మూడవవాడు. వంగభాషలో అతడు భాడాటియా. 1949లో కలకత్తా ఠికా చట్టము నడిమివానికి రక్షణ ఇచ్చినది. 1981 చట్టముచే నేలగలవాని హక్కు ప్రభుత్వపరమైనది. 2001 చట్టము నేటి వ్యవస్థకు ఆధారము. మూడవవాని హక్కు వేరొక వరుసలోనిది. బ్రిటనులో యుద్ధకాలమున గ్లాస్గో అద్దెదారుల సమ్మె ఫలితముగా 1915లో అద్దెల చట్టము వచ్చెను. దానిని పోలినది కలకత్తాలో 1920లో వచ్చెను. 1956, 1997 సంవత్సరముల పశ్చిమవంగ చట్టములు దాని సంతతి. బ్రిటనులో కారణము చూపకయే అద్దెదారుని ఖాళీచేయించు నోటీసు పద్ధతిని తీసివేయుటకు 2025లో చట్టము చేసిరి. అచట నూరేండ్లుగా ఇటునటు ఊగిన తులాదండము మరల అద్దెదారునివైపు వాలినది.

ఇచట తెలుగువానిని తికమకపెట్టు మాటలు రెండు. మొదటిది ‘బస్తీ’. కోస్తా తెలుగున బస్తీ యనగా పట్టణము. పల్లెకంటె మెరుగైన చోటు. కలకత్తాలో బస్తీ యనగా ఠికానేలపై గుడిసెల గుంపు. ‘బస్తీలో ఇల్లున్నది’ అని స్వగ్రామమునకు వ్రాసిన ఉత్తరమును రుజువుగా చూపినచో, చదువువాని ఊరినిబట్టి దాని యర్థము మారును.

రెండవది ‘యజమాని’. సంస్కృతమున యజ్ఞము చేయించి ఋత్విక్కులకు దక్షిణ ఇచ్చువాడు యజమానుడు. తెలుగున కుటుంబపు పెద్దయు, పని ఇచ్చువాడును, ఇల్లు అద్దెకు ఇచ్చువాడును అందరును యజమానులే. ఆంగ్లేయ న్యాయములో పని ఇచ్చువాడు వేరు, ఇల్లు ఇచ్చువాడు వేరు. ఇరువురును ఒకరే అయినచో, మిల్లులైనులలోను, రేవు, రైల్వే క్వార్టర్లలోను జరుగునట్లు, ప్రశ్న తీవ్రమగును: ఆ కాపురము అద్దెహక్కా, ఉద్యోగముతో కూడిన అనుమతియా? ఉద్యోగమునకై ఇచ్చిన వసతి అద్దె కాదనియు, ఉద్యోగముతోనే అది ముగియుననియు బ్రిటనులో చిరకాలముగా చెప్పుచున్నారు. అద్దె, అనుమతి అను రెంటికి భేదమును మన సుప్రీముకోర్టు 1959లో అసోసియేటెడ్ హోటల్సు వ్యవహారమున వివరించినది. ప్రభుత్వస్థలములలో అధికారము ముగిసిన కాపురమును 1971 నాటి చట్టము క్రింద ఎస్టేటు అధికారియే ఖాళీచేయించును. ‘యజమాని పొమ్మన్నాడు’ అను తెలుగు వాక్యములో ఈ భేదమేదియు లేదు. పనినుండి పొమ్మన్నాడా, ఇంటినుండి పొమ్మన్నాడా? జీతములో విరిచినది అద్దెయా, వసతిఖర్చా? రసీదు ఎవరి పేర ఉన్నది? ఈ మూడు ప్రశ్నలు అడుగని అనువాదకుడు, విధవరాలు పిల్లలతో నివసించుచున్న గదికి హక్కు ఉన్నదో లేదో ముందుగానే తేల్చివేసినవాడగును.

6. ఫలితార్థము

రాజ్యాంగముయొక్క 350వ అధికరణము ప్రకారము, కష్టనివారణకై ఎవరైనను కేంద్రమునందు గాని రాష్ట్రమునందు గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను అధికారికి అర్జీ పెట్టుకొనవచ్చును. పశ్చిమవంగ మంత్రివర్గము 2020 డిసెంబరులో తెలుగునకు అధికారభాషల వరుసలో స్థానము ఇచ్చుటకు నిర్ణయించినది. అయితే 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము, అధికారికి తెలియనిదియు ఆ జిల్లాలో వాడుకలో లేనిదియు అగు భాషలోని దస్తావేజునకు సరియైన అనువాదమును జతచేయవలెను. అర్జీ తెలుగులో పెట్టవచ్చును. దానిని విను చెవి అనువాదములోనే ఉన్నది. కావున అనువాదపు మేలుకీళ్లే హక్కు మేలుకీళ్లు.

ఈ పనికి పూర్వులు బాట వేసియున్నారు. కలకత్తాలో 1798లో జన్మించిన చార్లెసు ఫిలిప్పు బ్రౌను, తెలుగుదేశపు కోర్టులలో పనిచేసిన అనుభవముతో, తెలుగు వ్యవహారములలో చేరిన అన్యభాషాపదములకు ప్రత్యేక నిఘంటువు కూర్చెను. విల్సను 1855లో ప్రకటించిన న్యాయ, రెవిన్యూ పదకోశములో తెలుగు మాటలును కలవు. ఆ నిఘంటువులు జిల్లాకచ్చేరి భాషను పట్టినవి. రేవుభాషను, మిల్లులైను భాషను, ఠికాబస్తీ భాషను పట్టలేదు. అవి అప్పటికి పుట్టలేదు.

ఇట్టి నిఘంటువును నేడు కూర్చువారు ప్రతిపదమునకు నాలుగు సంగతులు వ్రాయవలెను: వాడువాని నోట దాని యర్థము, హిందుస్తానీ, వంగభాషలలో దాని ప్రతిరూపము, చట్టములో దానికి సరిపడు మాట, ఈ రెంటి నడుమ జారిపోవు అర్థము. నాలుగవది లేని కోశము అనువాదకునికి ఊతకర్ర కాదు, ఉరుకుదారి. కూలి, ముందుసొమ్ము, మేస్త్రి, పనిలో, బస్తీ, యజమాని అను ఆరు మాటలతో ఈ పని ప్రారంభింపవచ్చును. ఖిదిర్‌పూరు, గార్డెన్ రీచి పేటలలో రెండు మూడు తరములుగా నివసించు తెలుగు కుటుంబముల వృద్ధుల నోట ఈ మాటలు ఇప్పటికిని వినవచ్చును. వారి పిల్లలు వంగభాషలోను హిందీలోను చదువుచున్నారు. వృద్ధుల తరము దాటినచో పాత ఒడంబడికలు, రసీదులు, అర్జీలు మిగులును గాని, వానిని చదివి ‘ఇందులో మేము చెప్పినది ఇది కాదు’ అని చెప్పగలవారు మిగులరు.